కడుక్కున్న చెయ్యి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

ఒక చర్చిలో ఒకావిడ ఉండేది. అందరూ ఆవిడని గంజత్త అనేవాళ్లు. ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయడం ఆవిడ వంతు. పాతికేళ్లుగా ఆ గుడ్డను ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. ఎవరైనా సాయానికి వస్తే ముందు వాళ్ల గోళ్లు చూసేది.

ఆవిడ కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి.

పాప పుట్టింది. పిడికెడు ప్రాణం. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. డాక్టరమ్మ పెదవి విరిచి, తల్లినైనా దక్కించుకుందామని అటు తిరిగింది.

చూస్తే పాస్టరయ్యగారు ఊళ్లో లేరు, సభలకు వెళ్లారు. పాపకి బాప్తిస్మం ఇవ్వడానికి ఆయన కింద పనిచేసే ఉపదేశినైనా పిలుచుకొస్తానని గంజత్త కొడుకు పరుగెత్తాడు. గంజత్త గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.

వెనక్కి తిరిగేసరికి, వార్డు తుడిచే ఆమె పాప మీదికి వంగి ఉంది. కుళాయి నీళ్లు అరచేతిలో పట్టుకొచ్చి నుదుటి మీద పోస్తూ ఏదో గొణుగుతోంది.

గంజత్త ఆ చేతిని విసిరికొట్టింది. తడి చెయ్యి. బొటనవేలికి అడ్డంగా పాత కోత మచ్చ. చూసింది అంతే, మొహం చూడలేదు.

"బండలు తుడిచే చేత్తో నా మనవరాలిని ముట్టుకుంటావా?"

"కడుక్కునే వచ్చానమ్మా" అంది ఆమె. "ఆగితే పాప అందదని."

పావుగంటకి పాప పోయింది.

గంజత్త ఏడుపంతా కోపమై ఆ మనిషి మీదికి మళ్లింది. పెద్ద నర్సు దగ్గరికెళ్లి నానా మాటలూ అంది. సాయంత్రానికల్లా తుడిచే ఆమెను పనిలోంచి తీసేశారు. అదే సాయంత్రం ఉపదేశి ప్రార్థన చేసి పాపను మట్టి చేశాడు.

ఐదో రోజు కోడలు మంచం మీద లేచి కూర్చుంది. అడిగింది ఒక్కటే.

"అత్తమ్మా, పాపకి బాప్తిస్మం అయిందా? పేరు లేకుండానే పోయిందా?"

అయిందందామంటే గంజత్తకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. కాలేదందామంటే కోడలి మొహంలోకి చూడలేకపోయింది. కనుక్కుని వస్తానని చెప్పులేసుకుంది.

అయ్యగారు ఆ ఉదయమే తిరిగొచ్చారు. నలభై ఏళ్ల మనిషి, తొందరపడి మాట్లాడరు. అంతా విని, నీళ్లు పోసేటప్పుడు ఆమె ఏ మాటలు పలికిందని అడిగారు.

"వినలేదయ్యగారూ. నా అరుపే నాకు వినిపించింది."

"తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరున పోసిందో లేదో ఆమే చెప్పాలమ్మా."

"చెబితే మాత్రం? చీపురు పట్టే చెయ్యి. చెల్లుతుందా?"

"ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వొచ్చు. నీళ్లు దేవుడివి, మాట దేవుడిది. చెయ్యంటారా, ఆ పూట దగ్గర ఎవరుంటే వాళ్లది."

ఆ మాట గంజత్తకు మింగుడుపడలేదు. అయినా కోడలి కోసం ఆసుపత్రికి వెళ్లి, తను నోరుపారేసుకున్న పెద్ద నర్సు ముందే చేతులు కట్టుకుని నిలబడింది.

తుడిచే ఆమె గది ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలియదట. వయసులో చేరిన మనిషి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే చేసిందట. పోతూ పోతూ, మీ చర్చిలో ఒకటి రాయించాలని చెప్పిందట.

గంజత్త తిరిగొచ్చి ఆ మాట చెప్పగానే అయ్యగారు బాప్తిస్మాల పుస్తకం తెరిచారు.

చివరి వరుసలో ఉపదేశి చేతిరాత. తేదీ, వేళ. పలికిన మాటలు, ఒక్కటీ పొల్లు పోకుండా. బిడ్డ పేరు కూడా ఉంది. నొప్పులు పడుతూ కోడలు పదే పదే పిలుచుకున్న పేరే. గంజత్త చెవికెక్కని ఆ పేరు, బండలు తుడుస్తున్న మనిషి చెవిన పడింది.

బాప్తిస్మం ఇచ్చినవారి గడిలో వేలిముద్ర. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత.

గంజత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలికి చెప్పుకోడానికి ఒక మాట దొరికింది. అయినా పాత గుణం ఎక్కడికి పోతుంది?

"మీరొకసారి సమాధి దగ్గరికొచ్చి, మీ చేత్తో మళ్లీ నీళ్లు చల్లండి అయ్యగారూ. మీ చెయ్యి పడితే నా మనసు కుదుటపడుతుంది."

అయ్యగారు ఆ తెల్లగీతనే చూస్తున్నారు. అలాగే లేచి, బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన పాత పుస్తకం తీశారు. వెతుక్కోకుండానే ఒక పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టారు.

అదే ఆసుపత్రి. నెలలు నిండని మగబిడ్డ. బతకడని డాక్టరు చెప్పినట్టు రాసి ఉంది. చివరి గడిలో వేలిముద్ర, దాని మధ్యలో అదే తెల్లగీత.

"ఈమె ఎప్పుడో చనిపోయిందన్నారమ్మా నాతో" అన్నారు అయ్యగారు.

బిడ్డ పేరు రాసే గడిలో ఉన్నది ఆయన పేరే.

ఇది గుర్తుపెట్టుకుని నీ పిల్లలకూ చెప్పు తల్లీ. ఏది మరిచినా, ఆమె చేతులు కడుక్కునే వచ్చిందన్న మాట మాత్రం వదిలెయ్యకు.