గేటు దాకా దింపిన మనిషి

తిరుచానూరు మలుపులో చక్రధర్ బైకు జారింది. మనిషి ఒకపక్క పడ్డాడు, బండి ఒకపక్క పడింది.

మోకాలు చీరుకుపోయింది. బండి హ్యాండిల్ వంకరపోయింది. పొగరు మాత్రం చెక్కుచెదరలేదు.

చిత్తూరులో తనంత తెలివైనవాడు లేడని అతనికి పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా అతనే.

ఆటోలన్నీ యాత్రికులతో కిక్కిరిసి పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

ఒక మోపెడ్ ఆగింది. ముందర పూలగంప. నడిపేది ముప్పై అయిదు దాటిన ఆడమనిషి.

"యాడికి పోవాల తమ్ముడూ?"

"రేణిగుంట రోడ్డు. పరీక్ష. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. నీకెందుకు?"

"నేనూ ఆ పక్కకే. ఎక్కు."

"ఈ డొక్కు మీదనా?"

"నీ బండి లేస్తాదేమో అడుగు. లేస్తే దానిమీదే పో."

ఎక్కాడు. మల్లెల వాసనకు ముక్కు మూసుకున్నాడు, అదేదో మురిక్కాలవ అయినట్టు.

దారిలో మందుల షాపు ముందు ఆపి, ఆమే దూదితో తుడిచి కట్టు కట్టింది.

"బిన్నా కట్టు, టైమైపోతా ఉండాది. నీమాదిరి పనీపాటా లేనోణ్ణి గాదు."

కసిరాడే గానీ, కాలు మాత్రం బాగా ముందుకు చాపాడు.

బండి మళ్లీ కదిలింది.

"ఏం పరీక్ష తమ్ముడూ?"

"ఎమ్మెస్సీ యాక్చూరియల్ సైన్సులో సీటుకి. చెప్తే నీకు అర్థమయ్యేది గాదులే. ఏ వయసోళ్లు ఎంతమంది చస్తారో లెక్కగట్టి, బీమా రేట్లు తేల్చే చదువు. నీమాదిరోళ్లు చచ్చినాక మా లెక్కలోకి వస్తారు."

ఆమె పగలబడి నవ్వింది.

"అంతదాకా కాసుకోని ఉండేదానికి నాకు తీరిక లేదప్పా."

ఇట్లాంటివాళ్లకు దేనికి నవ్వాలో కూడా తెలీదు అనుకున్నాడు చక్రధర్.

గేటు ముందు దింపింది.

"కుంటుకుంటా అయినా లోపలికి పో. నేను బండి ఆ పక్కన పెట్టొస్తా."

కృతజ్ఞతా? ఆ పాఠం అతని సిలబస్‌లో లేదు.

గార్డు హాల్‌టికెట్ చూసి లోపలికి పంపాడు.

"ఇంక మూసేస్తా ఉండా. ఎవురన్నా బయట నిలబడిపోతే ఇంక వచ్చే ఏడాదే."

అంతలో రోడ్డు అవతలినుంచి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఏవో కాగితాలు.

"ఆగప్పా! ఆగు!"

గార్డు ఆగాడు.

"ఎవురబ్బా ఆమె? నీతో వచ్చిందా?"

"నన్ను దింపను వచ్చింది. పూలమ్ముకునేది. పరీక్షకి గాదు. చార్జీ కోసం వెంటబడతా ఉండాది, మూసెయ్."

గేటు పడింది.

బయట ఆమె ఏదో అరుస్తోంది. అరచేతులతో ఇనుప గేటును కొడుతోంది.

"టైం అయిపాయ, పోమ్మా!" అన్నాడు గార్డు.

చక్రధర్ వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల ఏసీ చల్లగా ఉంది. కుర్చీలో కూలబడ్డాడు. కంప్యూటర్ తెరమీద తన ఫొటో, తన పేరు. వాటిని చూసుకుని కాసేపు మురిశాడు.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఇన్విజిలేటర్ వచ్చి ఆ కుర్చీ దగ్గర నిలబడింది.

"ఈమె రాలేదా?"

ఎవరు రాలేదో చూద్దామని చక్రధర్ పక్క తెరవైపు మెడ తిప్పాడు.

'పంకజాక్షి, ఎమ్మెస్సీ యాక్చూరియల్ సైన్స్' అన్న అక్షరాల పైన, ఫొటోలోంచి, ఆ పూలబండి మనిషి నేరుగా అతన్నే చూస్తోంది.