మద్దూరు నంబరు

"మేడం, మళ్లీ అదే నంబరు," అంది రిసెప్షన్‌లో కూర్చున్న మైత్రి కంప్యూటర్ చూస్తూ.

మనస్విని లేచి వచ్చి చూసింది.

రేపటి అపాయింట్‌మెంట్లలో సగం మద్దూరు వైపు వాళ్లవే. పేర్లు వేరు, ఫోన్ నంబరు ఒకటే.

సిద్దిపేటలో ఆమె ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన కొత్తలో తలుపు తెరుచుకుని కూర్చోవడమే పనిగా ఉండేది. కసరత్తు కూడా వైద్యమేనంటే నమ్మేవాళ్లు తక్కువ. తమ్ముడు వెబ్‌సైట్ తయారు చేసి, ఇంట్లోంచే టైం బుక్ చేసుకునే వీలు పెట్టాక జనం రావడం మొదలైంది.

"నన్ను నిలబెట్టింది వెబ్‌సైటే," అని అందరితో చెప్పుకునేది.

బుక్ చేసుకోకుండా వస్తే చూడబోమని తలుపు మీద కాగితం కూడా అంటించింది.

"బ్రోకర్ అయ్యుంటడు మేడం. మన టైంలు పట్టుకొని ఊరోళ్లకు అమ్ముకుంటుండేమో," అంది మైత్రి.

మనస్విని ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"ఎవరు మాట్లాడేది?"

"ఉప్పలయ్యను మేడం."

"ఇంతమందికి మీరెందుకు బుక్ చేస్తున్నరు?"

"వాళ్లకు ఫోన్ల చేసుడు రాదు మేడం. అడిగితే చేసిస్తున్న."

"వాళ్ల దగ్గర ఎంత తీసుకుంటున్నరు?"



"ఏం తీసుకోను మేడం."

"అట్లయితే ఒకసారి క్లినిక్‌కు రండి. ఎదురుగ కూసొని మాట్లాడుకుందాం."

"వచ్చుడు నాతోని కాదు మేడం."

ఆ జవాబు ఆమెకు పొగరుగా వినిపించింది.

"ఆ నంబరు బ్లాక్ చెయ్," అంది మైత్రితో.

మద్దూరు బుకింగ్‌లు ఆగిపోయాయి. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు కూడా రాలేదు. మనస్విని మొదట పట్టించుకోలేదు. బయటి కుర్చీలు ఖాళీగా కనబడటం మొదలయ్యాక మనసులో ఏదో గుచ్చుకుంది.

ఒకరోజు పొద్దున మద్దూరు సిద్ధమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. పక్షవాతంతో చెయ్యి పడిపోయి వచ్చిన మనిషి. వైద్యంతో ఆ చెయ్యి తల దాకా లేచింది కూడా. ఇప్పుడు మళ్లీ ఛాతీకి అతుక్కుపోయింది.

"ఇన్ని దినాలు ఎందుకు రాలేదమ్మా?"

"టైం దొరుకుతలేదని ఉప్పలయ్య చెప్పిండు బిడ్డా. టైం లేకుంటే మీరు చూడరు గద. నొప్పికి ఆగలేక ఇయ్యాల ఊకనే వచ్చిన."

మనస్విని ఆమె చేతిని మెల్లగా పట్టుకుంది. కీలు బిగిసిపోయింది.

"ఆ ఉప్పలయ్య మీ దగ్గర పైసలు తీసుకుంటడా?"

"పైసలా?" సిద్ధమ్మ వింతగా చూసింది. "నేను రానంటే దినాం ఫోన్ చేసి ఒకటే పోరు. ఇప్పుడే పో అవ్వా, ఆలస్యం జేస్తే మల్ల రాదు అని. నాకే కాదు, ఎవరికి కాలు పడ్డా చెయ్యి పడ్డా గిట్లనే వెంటబడి పంపుతడు."

మనస్విని తలుపు మీది కాగితం చింపేసింది. ఆ నంబరు బ్లాక్ తీయించింది.

ఆదివారం మద్దూరు వెళ్లింది. సిద్ధమ్మే ఉప్పలయ్య ఇల్లు చూపించింది.

"ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటడా?"

"ఏడికి పోతడు బిడ్డా."

కిటికీ పక్కన మంచం. దాని మీద దిండ్లకు ఆనుకుని ఒక మనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"రా మేడం, కూసో. మీ సైటు మల్ల తెరుసుకుంది. సిద్ధవ్వకు మంగళవారం దొరికింది."

"తప్పు నాది ఉప్పలయ్యా. నేను వేరే తీరు అనుకున్న."

"పోనీ మేడం. వాళ్లను మల్ల చూస్తే సాలు."

దుప్పటి అంచున పాదాలు కనబడుతున్నాయి. ఆ సన్నబడ్డ పాదాలను చూసి ఆమె కూర్చోలేకపోయింది. వంగి, అరికాలిని బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"తెలుస్తుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పటినుంచి?"

"తాటిచెట్టు మీదికెళ్లి పడి శానేండ్లాయె మేడం," అన్నాడు ఉప్పలయ్య, "గప్పుడు నన్ను మీ అసొంటోళ్ల దగ్గరికి పొమ్మని చెప్పేటోడు ఒక్కడు లేకుండె."