గది ఊపిరి

హాజరైనవారు, వచ్చిన వరుసలో: కార్యదర్శి సెడ్రిక్ హార్న్‌బీ, అధ్యక్షురాలు ఎనిడ్ ప్రోథెరో, సభ్యుడు నార్మన్ టిబ్స్, మరి ఎనిమిదిమంది, చిట్టచివర, ఒక సందర్శకురాలు.

అంతవరకు రాసి సెడ్రిక్ కలం మూశాడు.

కెటరింగ్ ఊరి గ్రంథాలయం మేడ మీద ‘నార్త్ గేట్’ అభిమానుల సంఘం ముప్పయ్యేళ్లుగా సమావేశమవుతున్నది. అన్నేళ్లూ మినిట్స్ పుస్తకం ఆయన చేతిలోనే ఉన్నది. సభ్యులు కానివారి పేర్లు అందులో రాసే ఆచారం లేదు.

సందర్శకురాలు చక్రాల కుర్చీలో వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. ముక్కుకు మాస్కు, కుర్చీ వెనక చిన్న యంత్రం. అది హుస్సుమంటూ, టక్కుమంటూ ఆమెకు ఊపిరి అందిస్తున్నది.

“ఇవాళ ‘కిటికీలేని గది’ వినిపిస్తారని పేపర్లో చూశానండీ,” అన్నది.

‘నార్త్ గేట్’ అనే ఆ పాత గూఢచారి సీరియల్లో అది పదకొండో భాగం. గూఢచారి హెస్కెత్‌ను శత్రువులు కిటికీలేని గదిలో పెట్టి తాళం వేస్తారు. దాని బొమ్మను టీవీవాళ్లే ఏనాడో చెరిపేశారు. ఎవరో ఇంగితం ఉన్నవారు ఆనాడే టీవీ ముందు మైకు పెట్టి టేపు చేసుకోవడం వల్ల శబ్దం ఒక్కటి దక్కింది. మూతపడిన ఒక ఆసుపత్రి నుంచి చర్చివారి పాతసామాన్ల అమ్మకానికి వచ్చిన పెట్టెలో ఆ టేపు సెడ్రిక్ కంటబడింది. దాని మీద పేరు లేదు.

ఆ టేపు పొడవునా ఒక చప్పుడు. ఎవరో నిదానంగా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

“ఆ గదే ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. నావి పదికి తొమ్మిది మార్కులు,” అన్నది ఎనిడ్.

“నాకు మా మావగారి గురక గుర్తొస్తుంది. ఆరు,” అన్నాడు నార్మన్.

“దర్శకుడి ప్రతిభ నీ తలకెక్కడ ఎక్కుతుందయ్యా!” అన్నాడు సెడ్రిక్. ఆ చప్పుడు మీద ఆయన పన్నెండు పేజీల వ్యాసం రాశాడు. సోమవారం అది అచ్చుకు వెళుతున్నది.

“హెస్కెత్ కుడిచేతి గడియారం చూసుకుంటాడే, అప్పుడు మరీ భయమేస్తుంది,” అన్నది సందర్శకురాలు.

గదంతా నవ్వింది.

“ఎడమచేతి గడియారం, మేడమ్,” అన్నాడు సెడ్రిక్. “ప్రతి ఫొటోలోనూ ఎడమచేతికే ఉంది.”

“నాకు కుడిచేతికే కనబడిందండీ.”

“ఏ టీవీలో చూశారో పాపం!” అన్నాడు నార్మన్.

“టీవీ మంచిదే. నేనున్న చోటే అలాంటిది.”

సెడ్రిక్ టేపు మొదలుపెట్టాడు. హెస్కెత్ వెనక తలుపు మూసుకున్నది. టేపులో ఊపిరి, కుర్చీ వెనక ఊపిరి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన టేపు ఆపాడు.

“మేడమ్, ఆ మిషను ఒక్క అరగంట ఆపుతారా?”

“అరగంటా? ఎప్పుడూ ప్రయత్నించి చూడలేదండీ.”

నార్మన్ పగలబడి నవ్వాడు. “ఆ మిషను కూడా మీ దర్శకుడే చేశాడేమో, సెక్రటరీ గారూ!”

సెడ్రిక్ నవ్వలేదు. “నిశ్శబ్దం ఇక్కడి నియమం. దయచేసి వరండాలో కూర్చోండి. తలుపు ఓరగా ఉంచుతాను.”

“చివరిదాకా విందామనే వచ్చానండీ. నలభయ్యేళ్లయింది విని.”

“ఉండనిద్దూ, సెడ్రిక్,” అన్నది ఎనిడ్. “ఆవిడ ఉంటే ఏం పాడవుతుంది?”

“టేపు పాడవుతుంది, ఎనిడ్! ఆ శబ్దం వినడానికేగా మనం వచ్చింది!”

సందర్శకురాలు ఒడిలోని కవరు తీసి బల్ల మీద పెట్టింది. “అయిపోయాక చూడండి,” అని కుర్చీ తిప్పుకున్నది.

తలుపు సందులోంచి హుస్సు, టక్కు వస్తూనే ఉన్నాయి. అయిదు నిమిషాలు ఓర్చుకుని సెడ్రిక్ లేచి తలుపు గట్టిగా మూశాడు.

తరువాత కళ్లు మూసుకుని విన్నాడు. గోడలు దగ్గరికి జరిగాయి. కదలడానికి చోటు లేదు. ఆ ఊపిరి ఒక్కటే వస్తూ, పోతూ ఉన్నది. ఎప్పటిలాగే ఆయన ఒళ్లు జలదరించింది.

టేపు ముగిసి తలుపు తీసేసరికి వరండా ఖాళీ.

“వెళ్లిపోయారండీ,” అన్నది గ్రంథాలయం అమ్మాయి. “బ్యాటరీ నాలుగింటిదాకానేనట, బండొచ్చింది. ఇంతసేపూ తలుపుకి చెవి ఆనించుకునే కూర్చున్నారు. ఏం వినబడిందో ఏమో.”

సెడ్రిక్ కవరు చించాడు. లోపల ఒక పాత ఫొటో. దాని వెనక నాలుగు పంక్తులు. చదివి, ఫొటోను మళ్లీ తిప్పి చూశాడు.

“ఏముందేంటి అందులో?” అన్నది ఎనిడ్.

“గడియారం కుడిచేతికే, ఎనిడ్. ఆవిడ చూసింది అద్దంలో.”

ఫొటో చేతులు మారింది. నార్మన్ దానిని చూసి టోపీ తీశాడు.

సెడ్రిక్ తన వ్యాసాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మినిట్స్ పుస్తకం తెరిచి, ‘ఒక సందర్శకురాలు’ అన్న మాట కొట్టివేసి, అడుగున ఇలా రాశాడు:

“పోలియో సోకి, ఊపిరాడించే ఉక్కుపీపాలో మెడదాకా బందీ అయి, 1966 నవంబరు పదవ తేదీన తలపైని అద్దంలో ఈ భాగం చూస్తూ, నర్సు చేత టీవీ ముందు మైకు పట్టించి దీనిని మనకు మిగిల్చిన పదిహేనేళ్ల బాలిక రోవెనా లాంగ్‌స్టాఫ్‌కు, నేటివరకు గది ఊపిరిగా మనం పొగిడినది ఆమె ఊపిరేనని తెలుసుకుని, ఈ సంఘం లేచి నిలబడి కృతజ్ఞతలు సమర్పించుకుంటున్నది.”