గుమ్ములంకకి వెళ్ళిన పడవ

"ఆ రోజు జరిగిన పొరపాటు మీ నోటితోనే మా పిల్లలకి చెప్పాలండీ," అంది క్యాథరిన్.

ఆమె వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. ఇన్ఫర్మేషన్ థియరీ చెబుతుంది. భాస్కరరావు రిటైరైన వైర్‌లెస్ ఆపరేటరు. ఏలూరు పవర్‌పేటలో రెండు గదుల వాటాలో ఒంటరిగా ఉంటున్నాడు. ఇంతకుముందు రెండుసార్లు ఆమెని కాదని పంపించేశాడు. ఈసారి ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య గోల దూరితే ఏమవుతుందో నేను బోర్డు మీద లెక్కలేసి చూపిస్తానండీ. పిల్లలకి మార్కులొస్తాయి. భయం రాదు. మీరు చెబితే వస్తుంది."

"భయమా," అన్నాడాయన. "సరేనమ్మా, వస్తాను."

భయం ఆయనకి కొత్త కాదు. మూడేళ్ళుగా ఒక గొంతు ఆయన్ని వదలడం లేదు. ఫ్యాను తిరుగుతుంటే రెక్కల సందుల్లోంచి ఆ గొంతే. కుళాయి కింద బిందె నిండుతుంటే అడుగు నుంచి ఆ గొంతే. "కంట్రోల్... కంట్రోల్... పడవ పంపండి సార్..." అది వరద రోజు వైర్‌లెస్‌లో విన్న, కొమ్ములంక బడిపంతులు కృపానందం గొంతు. బతికుండగా ఆయన్ని భాస్కరరావు ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే చాలు, గడ్డం దాకా నీళ్ళలో ఒక మొహం కనిపిస్తుంది.

ఆదివారం కూతురు గీతాంజలి వచ్చింది, మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని. నచ్చినవాణ్ణి చేసుకుందని ఆమె మొహం ఐదేళ్ళు చూడలేదాయన, కబుర్లు మాత్రం వాళ్ళ నోటా వీళ్ళ నోటా వినేవాడు. తనకో కూతురుందని ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు కూడా. వరద తీసిన నెలకి ఆయనే కబురు పంపాడు. అన్ని చావులు చూసి నాన్న మెత్తబడ్డాడనుకుందామె.

"కాలేజీకి వెళ్ళకండి నాన్నా. మళ్ళీ అన్నం మానేస్తారు మీరు."

"వెళ్ళాలమ్మా," అన్నాడు.

క్లాసులో అరవై మంది ఉన్నారు. కుర్చీ వేసినా ఆయన కూర్చోలేదు.

"పొద్దుటి నుంచీ ఒకటే వాన. కొల్లేరు పొంగుతోంది. వరద కంట్రోల్ రూములో సెట్టు ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి మాకు మిగిలింది ఒకే ఒక్క ఇంజను పడవ. అప్పుడొచ్చింది మెసేజు. సెట్టు నిండా గరగర. లంకలు రెండు, కొమ్ములంక, గుమ్ములంక. అదో మూల, ఇదో మూల. నేను పడవని గుమ్ములంకకి పంపాను."

గ్లాసు ఎత్తి ఒక గుక్క నీళ్ళు తాగాడు.

"గుమ్ములంకలో గట్టు చెక్కుచెదరలేదమ్మా. ఎక్కేవాళ్ళు లేక పడవ ఖాళీగా తిరిగొచ్చింది. అప్పటికే చీకటి పడిపోయింది. కొమ్ములంక చేరేసరికి తెల్లారింది. బడి కప్పు మీదకి పద్నాలుగు మంది ఎక్కారంట. ఐదుగురు మిగిలారు. పంతులుగారు మిగల్లేదు."

క్యాథరిన్ బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కనే రాసింది.

"చూడండి. మొదటి అక్షరంలోనే తేడా. గోలలో పోయింది సరిగ్గా ఆ అక్షరమే. అందుకే మాటకి కొంత అదనం తోడు చేసి పంపాలంటాం. పేరుతో పాటు పక్క ఊరి గుర్తు చెప్పినా, అదే పేరు రెండోసారి చెప్పించుకున్నా, తొమ్మిది ప్రాణాలు దక్కేవి."

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, మీరు రెండోసారి ఎందుకు అడగలేదండీ?"

"అడగాల్సిన పని కనిపించలేదమ్మా."

"ఎంక్వయిరీలో ఏమన్నారండీ?"

"సెట్టు పాతదన్నారు. నన్నేమీ అనలేదు."

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ లేచి ముందుకొచ్చింది. నీరుకావి పట్టిన తెల్లచీర, చేతిలో గుడ్డసంచీ.

"మీకు ముందే చెబితే రారని చెప్పలేదండీ," అంది క్యాథరిన్ నెమ్మదిగా. "ఈవిడ పాపమ్మగారు. కొమ్ములంకలో మిగిలిన ఐదుగురిలో ఒకరు. భర్తా, ఇద్దరు మనవలూ పోయారు."

భాస్కరరావు తల దించుకున్నాడు. పాపమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"బాబూ, మూడేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నానండీ. ప్రార్థనలో కూర్చుని కూడా తిట్టుకున్నాను, దేవుడు వింటాడని. ఇయ్యాల ఈ అమ్మ బోర్డు మీద రాసి చెప్పాకే నాకు తెలిసింది. గాలీ వానా చేసిన పనికి మనిషినేమంటాం? నా మనసులో ఏమీ లేదు బాబూ. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకోండి."

ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. భాస్కరరావు వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు.

క్యాథరిన్ వెనకే పరిగెత్తుకొచ్చేసరికి ఆయన రోడ్డు పక్క బస్టాపులో కూర్చుని ఉన్నాడు. తాడేపల్లిగూడెం బస్సు ఆగింది, వెళ్ళింది. ఆయన భుజాలు కదిలిపోతున్నాయి.

"ఆవిడ మనస్ఫూర్తిగా క్షమించిందండీ," అంది ఆమె పక్కన కూర్చుని. "మీరు కావాలని చేసింది కాదు కదా. ఇంకా ఎందుకండీ ఈ ఏడుపు?"

ఆయన ఆమె వైపు చూశాడు. చెబుదామనే చూశాడు. చెప్పలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం కృపానందం ఊరి పేరు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ అది కొమ్ములంక అనే భాస్కరరావుకి స్పష్టంగా వినపడింది, కానీ నెలలు నిండిన గీతాంజలి ఉన్నది గుమ్ములంకలో.