ఆఖరి అప్పగింత

"నువ్వు నడిపేది క్రెష్షా, చేపల మార్కెట్టా?" అన్నారు బావగారు.

బావగారంటే ఆమె పోయిన భర్తకు అన్న. కొత్త ఫ్లాటు, కొత్త తెల్ల సోఫా. ఆ సోఫాలో ఆయనా, ఆయన భార్యా, పనిగట్టుకుని వచ్చిన ఆడపడుచూ కూర్చున్నారు. ఆమెకు మాత్రం ప్లాస్టిక్ స్టూలు వేశారు. ఆమె బట్టల మీద పిల్లల పాల మరకలు ఉంటాయట, సోఫాకు అంటుకుంటాయట.

"మా నాన్న చెమటోడ్చి కట్టిన ఇల్లది. గడప దాకా ఉచ్చ కంపట. ఎవరిని కదిపినా ఇదే మాట. ఆ వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం."

ఆ వీధి మొహం ఆయన చూసి రెండేళ్ళు దాటింది.

"ఊళ్ళోవాళ్ళ పిల్లల ముడ్లు కడిగే ఖర్మేమిటి మన ఇంటి కోడలికి?" అంది ఆడపడుచు, తెగ జాలిపడిపోతూ.

"ఒంటరిదానివి. హాయిగా మీ అమ్మ దగ్గరికి వెళ్ళి ఉండు," అంది తోడికోడలు. "ఇల్లు ఖాళీ అయితే మా వాడు అక్కడ షాపు పెట్టుకుంటాడు."

అదీ సంగతి. జాలి అంతా తిరిగి తిరిగి షాపు దగ్గర ఆగింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ముందు గదికి పసుపు రంగు వేసుకున్నది ఆమె. పిల్లల చేతికి అందేలా కొక్కేలు కిందికి దించి కొట్టుకున్నది ఆమె. ఆ క్రెష్ తప్ప ఇంకో బతుకుతెరువు లేదు. భర్త పోయాక ఎలా ఉన్నావని ఒక్కరూ ఫోన్ చేయలేదు. తాళాల గుత్తి కోసం మాత్రం ముగ్గురూ ఏకమయ్యారు.

చాలాసేపు మాట్లాడుకున్నారు. షట్టరు ఎటువైపు పెట్టాలి, గోడ ఎక్కడ పగలగొట్టాలి, పాత బీరువా ఎవరికి చెందాలి. అడగవలసిన ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆమె ఆఖరిదాకా ఎదురుచూసింది. అడిగి ఉంటే మనసు మెత్తబడేదేమో.

"సరే బావగారూ. నెలాఖరుకి మూసేస్తాను," అంది.

ఇంత సులువుగా తేలిపోతుందని వాళ్ళు అనుకోలేదు. తోడికోడలు లేచి వెళ్ళి కాఫీ కూడా తెచ్చి ఇచ్చింది.

క్రెష్‌లో ఉన్నది అయిదుగురే. అందరికీ ఆమె పెట్టిన పేర్లే. మిగతావాళ్ళను గోడ వారగా నిలబెట్టి హాజరు వేసే పిల్ల కలెక్టరమ్మగారు. కోపమొస్తే కొరికేవాడు ఎలకబాబు. ముక్కులు ఆరని కవలలు పెద్ద కుళాయి, చిన్న కుళాయి. కిటికీ పక్క కుర్చీలో ఇంకొకరిని కూర్చోనివ్వనిది దొరగారు.

అసలు క్రెష్ మొదలైంది దొరగారితోనే. ఎలాగూ ఒకరి కోసం ఇంటిపట్టున ఉండాలి, ఇంకో నలుగురు వస్తే తప్పేముంది అనుకుందామె. దొరగారికి మెడకు గుడ్డ కట్టి, అన్నం మెత్తగా కలిపి, కబుర్లు చెబుతూ తినిపించాలి. బిస్కెట్లు జేబులో దాచుకుంటారు, చీమలు పడితే ఏడుస్తారు. చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోరు. మిగతా నలుగురూ ఆమెను ఆంటీ అంటారు, దొరగారు అమ్మా అంటారు. బట్టలు ఎన్నిసార్లు తడుపుతారో చెప్పలేం. బావగారి దాకా వెళ్ళిన కంపులో పెద్ద వాటా దొరగారిదే. అయినవాళ్ళు మాత్రం తొంగిచూసిన పాపాన పోలేదు.

ఆఖరి రోజు సాయంత్రం తల్లులు ఒక్కొక్కరే వచ్చారు.

"రేపట్నుంచి దీన్ని ఎక్కడ వదలమంటావక్కా?" అంది కలెక్టరమ్మ తల్లి, మొహం వేలాడేసి.

"నన్నడిగి ఏం లాభం? మా బావగారిని అడుగు."

ఎలకబాబు వెళ్తూ వెళ్తూ ఆమె చెయ్యి కొరికి, వాడే భోరుమన్నాడు. ఆమెకూ ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా కసి ఎక్కువగా ఉండబట్టి తమాయించుకుంది.

కొక్కేలు ఖాళీ అయ్యాయి. ఒక్క సంచి మిగిలింది. దొరగారి కోసం ఎవరూ రాలేదు.

క్రెష్ పెట్టిన రోజు నుంచీ ఆమెది ఒకటే నియమం. తీసుకెళ్ళడానికి ఎవరూ రాకపోతే తనే వెంటబెట్టుకుని వెళ్ళి, అయినవాళ్ళ చేతిలో పెట్టి వస్తుంది.

దొరగారికి ఉతికిన చొక్కా తొడిగింది. తల దువ్వింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు దొరగారు.

"మంచి సోఫా ఉన్న ఇంటికి. రండి."

దొరగారు చప్పట్లు కొట్టారు. ఆమె కారు మాట్లాడింది.

బావగారు తలుపు తీశారు. రమ్మనకుండానే లోపలికి నడిచి, దొరగారిని తెల్ల సోఫా నడిమధ్య కూర్చోబెట్టింది. తాళాల గుత్తీ, సంచీ బావగారి చేతుల్లో పెట్టింది.

"నాలుగు జతలున్నాయి. ఈ రాత్రికి సరిపోతాయేమో. తినిపించేటప్పుడు తొందరపెట్టకండి, ఉమ్మేస్తారు. పడుకున్నాక చెయ్యి వదిలారంటే లేచి వీధిలోకి వెళ్ళిపోతారు, గడియ వేసుకోండి."

లోపలినుంచి వచ్చిన తోడికోడలు అక్కడే చతికిలబడింది. ప్లాస్టిక్ స్టూలు మీద.

"ఇలా చెప్పాపెట్టకుండా తెచ్చి..." బావగారు నీళ్ళు నమిలారు.

"మూసేయమన్నది మీరేగా," అంది. కడుపులో ఇన్నాళ్ళ మంట చల్లారింది.

సోఫా అప్పటికే తడుస్తోంది.

దొరగారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఎవరమ్మా ఈయన?" అని అడిగారు, ఎదురుగా సంచితో నిలబడ్డ తన పెద్దకొడుకును చూపిస్తూ.