ట్యాంకు మూతి దగ్గర మనిషి

"ఏమయ్యా, పలుకు."

పైనుంచి ఆ గొంతు మళ్లీ వినపడింది. వెంటనే ట్యాంకు గోడ మీద ఠంగుమని సుత్తి దెబ్బ.

లోపల గొంతుక్కూర్చున్న వెల్డర్ చెయ్యి బెదిరింది. వెండి తీగలా సాగుతున్న అతుకు ఒకచోట గుంట పడింది.

అతను హెల్మెట్ పైకెత్తి పళ్లు నూరాడు.

"బతికే ఉన్నాను. నీకేం కావాలి?"

"ఏం లేదు. పలికావు, చాలు. ఓసారి పైకొచ్చి గాలి పీల్చుకో తమ్ముడూ. అతుక్కి వదిలే గ్యాస్ లోపల నిలుస్తుంది."

"నిలిస్తే వాసన రాదా? నాకు నేర్పకు. నువ్వు అవతలికి పోతే నాకు గాలి అదే ఆడుతుంది."

అది పాలు నిలవచేసే స్టీలు ట్యాంకు. మనిషి దూరేంత మూతి ఒక్కటే. వెల్డర్ ఇన్నాళ్లూ ఆరుబయట మెట్లకీ, గేట్లకీ స్టీలు గొట్టాలు అతికినవాడు. ట్యాంకు పని కొత్త. లోపలి అతుకులు నల్లబడకుండా, గుంటలు పడకుండా వస్తేనే పని ఖాయమన్నాడు యజమాని. లేకపోతే వచ్చిన దారినే పొమ్మన్నాడు.

మామగారింట్లో తింటున్న తిండి అతనికి గొంతు దిగడం లేదు. ఈ పని నిలబడితే తప్ప వేరు కాపురం లేదు.

పైనుంచి పిలిచే ఈ గడ్డపాయన మొదటి రోజు నుంచీ దాపురించాడు. పొద్దున్నే వెనక షట్టర్ కింద నుంచి దూరి వస్తాడు. మూతి దగ్గర స్టూలు వేసుకుంటాడు. యజమాని ట్యాంకు వైపు వచ్చే వేళకు మాత్రం కనపడడు.

ఇద్దరికీ ముందే మాట ఉందన్నమాట, నా మీద నిఘా పెట్టారు, అని వెల్డర్ తేల్చేసుకున్నాడు.

"ఓనరు కన్ను వచ్చిందా అక్కా?" అని పాలిష్ పట్టే ఆవిడతో రోజూ వెటకారమాడేవాడు.

ఆవిడ చేతిలో స్టీలును మరింత గట్టిగా రుద్దేది.

ఆ రోజు గడ్డపాయన బ్లోయర్ గొట్టం తెచ్చి మూతిలోంచి కిందికి వదిలాడు. రివ్వున గాలి కొట్టింది. అతుకును కాపాడే గ్యాస్ చెదిరిపోయింది. చూస్తూ ఉండగానే స్టీలు బొగ్గులా నల్లబడింది.

వెల్డర్ గొట్టాన్ని బయటికి తోసి, మూతిలోంచి తల బయటపెట్టాడు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

"నా పొట్ట కొట్టడానికే పుట్టావా నువ్వు?"

"అతుకు మళ్లీ వేసుకోవచ్చు తమ్ముడూ."

"ఓనరు ఏమిస్తున్నాడు నీకు, ఈ చాకిరీకి?"

"ఏమీ ఇవ్వడు."

"ఉత్తినే చేస్తున్నావా? సిగ్గుండాలి."

చేతులకు గ్లవ్స్ అలాగే ఉండగా వెల్డర్ ఆఫీసు గదిలోకి దూసుకుపోయాడు.

"నమ్మకం లేకపోతే చెప్పండి సార్, పోతాను. నా నెత్తిమీద ఆ గడ్డపాయన్ని ఎందుకు కూర్చోపెట్టారు?"

"ఏ గడ్డపాయన?"

యజమాని లేచి వచ్చి చూశాడు. ముఖం కందగడ్డయింది.

"వీణ్ని ఎవడు రానిచ్చాడు లోపలికి?"

గేటు మనిషి వచ్చి గడ్డపాయన చొక్కా పట్టుకుని లాక్కెళ్లాడు. ఆయన తిట్టలేదు, పెనుగులాడలేదు. "వీడి మీద ఓ కన్నేసి ఉంచు చెల్లెమ్మా" అని పాలిష్ ఆవిడతో అని వెళ్లిపోయాడు.

"పోయేటప్పుడు కూడా కన్నే" అని వెల్డర్ ఉమ్మేసి మళ్లీ లోపలికి దిగాడు.

సుత్తి లేదు, పిలుపు లేదు, గాలి లేదు. అతుకు ఎక్కడా తెగకుండా మెరుస్తూ సాగిపోయింది. తల తేలిపోతున్నట్టు అనిపించింది. సంతోషం కాబోలు అనుకున్నాడు. చేతిలో వెల్డింగ్ టార్చి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

కళ్లు తెరిచేసరికి సిమెంటు నేల మీద ఉన్నాడు. పాలిష్ ఆవిడ చెంపలు వాయిస్తోంది. గేటు మనిషి నడుముకు తాడుతో రొప్పుతున్నాడు. బ్లోయర్ గొట్టం ట్యాంకులోకి వేలాడుతోంది.

గుమ్మంలోంచి యజమాని అడిగాడు.

"అతుకు ఎంతవరకు వచ్చింది?"

గేటు మనిషి నడుము తాడు విప్పుకోసాగాడు. యజమాని గదిలోకి వెళ్లిపోయాడు.

"ఆ గ్యాస్‌కు వాసన ఉండదని ముందే చెప్పొచ్చుగా అక్కా" అని వెల్డర్ కసిరాడు.

"ఆయన చెబితే విన్నావా? నోటికొచ్చినట్టు తిట్టావు గానీ, ఆయన ఎవరని ఒక్కసారైనా అడిగావా?"

"ఎవరాయన?"

అతని గొంతులో కోపం ఇంకా ఉంది. అది ఎవరి మీదో అతనికే తెలియడం లేదు.

ఆవిడ ఆఫీసు గది తలుపు వంక చూసి, గొంతు తగ్గించింది.

"ఈ పని ఆయనదే, పైన ఒక మనిషి కాపలా లేనిదే లోపలికి దిగనన్నందుకు ఆయన్ని గెంటేసి, ఆ చోట నిన్ను దింపారు."