వేలిముద్ర చుట్టూ ఉన్న పేరు

ఆ రోజుల్లో చదవడం మనుషుల పని కాదు. బస్సులు, మందు సీసాలు, తమ మీద రాసినవి తామే చదివి వినిపించేవి. దస్తావేజుల ఆఫీసులో పాత వీలునామా కూడా గొంతు సవరించుకుంది.

"నా తదనంతరం పెంకుటిల్లు నా భార్యకు చెందవలెను."

"భార్య పేరు?" అడిగింది అన్విత. సాయంత్రం ఆమె కూతురి బారసాల. తన అమ్మమ్మ ఝాన్సీ వాళ్ల నాయనమ్మ పేరే పాపకి పెడతానని చుట్టాలందరికీ చెప్పేసింది. తీరా చూస్తే, అందరూ అవ్వ అనేవారు తప్ప పేరు ఎవరికీ తెలియదు. ఈ వీలునామా ఆ అవ్వ భర్త రాసింది.

"పేరు లేదు," అంది వీలునామా.

"లేకేం, నీ మొహం!" అంటూ ఝాన్సీ వంగింది. అరవై దాటాక పట్టుబట్టి అక్షరాలు దిద్దిన మనిషి. కాగితం అడుగున, మరక అనుకుని వీలునామా చదవకుండా వదిలేసిన వేలిముద్ర ఉంది, భార్య తన సమ్మతిగా వేసినది. ముద్ర వేసినవారి పేరు దాని చుట్టూ రాయడం పాతకాలపు పద్ధతి. ఝాన్సీ కాగితాన్ని గుండ్రంగా తిప్పుతూ కూడబలుక్కుంది.

"వీ... ర... నా... గ... మ్మ!"

అన్విత బిక్కమొహం వేసింది. "ఇంత పిల్లకి అంత పేరా, అమ్మమ్మా?"

"గౌను వదులుగానే కుట్టిస్తాం కదే. పెరిగేకొద్దీ అదే సరిపోతుంది."